లాంకాస్టర్‌ను వెతుక్కుంటూ లింకన్‌షైర్‌కి

మొదటి రోజు: హెండన్, లండన్

కోలిండేల్ స్టేషన్‌లో దిగి కాస్త దూరం నడిస్తే రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియం వస్తుంది. ప్రవేశానికి టికెట్ లేదు. తమ్ముడికి స్పిట్‌ఫైర్ అనే ఫైటర్ విమానం చూడాలని ఉన్నా, ముందు లాంకాస్టర్ దగ్గరికే లాక్కెళ్లాను. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ రాత్రిపూట జర్మనీ మీదికి పంపిన నాలుగు ఇంజన్ల భారీ బాంబర్ ఇది. రెక్క ఈ కొస నుంచి ఆ కొసకు 31 మీటర్లు. ముక్కు పక్కన బాంబు బొమ్మలు వరసలుగా వేసి ఉంటాయి, దాడికొకటి చొప్పున. ఆర్5868 అనే ఈ విమానం 137 సార్లు వెళ్లి తిరిగొచ్చింది. జర్మనీ ఆకాశంలోకి శత్రు విమానం ఒక్కటి కూడా రాలేదని జర్మన్ వైమానిక దళాధిపతి గోరింగ్ కొట్టిన డబ్బాను కూడా ఆ బొమ్మల దగ్గరే రాసిపెట్టారు.

లాంకాస్టర్లు మొత్తం 7,377 తయారయ్యాయి. అందులో 3,200కు పైగా యుద్ధంలోనే పోయాయి. ఆ లెక్క తెలిసి చూస్తే 137 బొమ్మల ముందు నిలబడటానికి కాళ్లలో బలం చాలదు.

ఈ విమానం పుట్టింది ఒక వైఫల్యం నుంచి. అవ్రో కంపెనీ అంతకుముందు మాంచెస్టర్ అనే బాంబర్ చేసింది. దానికి రెండే ఇంజన్లు, రోల్స్ రాయిస్ వల్చర్‌లు. అవి గాల్లో ఉండగానే మొరాయించేవి, ఒక ఇంజన్ ఆగితే రెండోదాని మీద నెట్టుకురావడం గగనమయ్యేది. డిజైనర్ రాయ్ చాడ్విక్ ఆ విమానాన్ని అవతల పారేయలేదు. శరీరాన్ని దాదాపు అలాగే ఉంచి, రెక్కలు పొడిగించి, స్పిట్‌ఫైర్‌లో నమ్మకంగా పనిచేస్తున్న మెర్లిన్ ఇంజన్లు నాలుగు బిగించాడు. 1941 జనవరి 9న మాంచెస్టర్ నగరం దగ్గర రింగ్‌వేలో అది తొలిసారి ఎగిరింది. ఆ ఏడాది క్రిస్మస్ నాటికి లింకన్‌షైర్‌లోని వాడింగ్టన్‌లో ఉన్న 44వ స్క్వాడ్రన్ అనే విమాన దళం చేతికి లాంకాస్టర్లు అందాయి. అప్పటికి అమెరికా యుద్ధంలోకి దిగి నెల కూడా కాలేదు.

నన్ను అక్కడే ఆపేసింది విమానం పొట్ట. బాంబులు పెట్టే అర 33 అడుగుల పొడవు, మధ్యలో ఒక్క అడ్డుగోడ లేదు. మాంచెస్టర్ బాంబర్‌ను తయారుచేయమని అడిగినప్పుడు, నీళ్లలో దూసుకెళ్లి ఓడల్ని పేల్చే టార్పెడోలు కూడా అది మోయాలని ప్రభుత్వం షరతు పెట్టింది. టార్పెడో పొడవైన వస్తువు కాబట్టి అరను అంత పొడవునా ఖాళీగా వదిలారు. టార్పెడోల ఆలోచన తర్వాత ఎగిరిపోయింది, ఖాళీ మాత్రం మిగిలింది. ఆ ఖాళీలోకే మొదట 4,000 పౌండ్ల బాంబు, తర్వాత 12,000 పౌండ్ల టాల్‌బాయ్ పట్టాయి. 1945 మార్చిలో 22,000 పౌండ్ల గ్రాండ్ స్లామ్‌ను కూడా, అర తలుపులు తీసేసి, ఈ విమానమే మోసింది. ఐరోపా యుద్ధంలో ఆ బరువెత్తి ఎగిరింది లాంకాస్టర్ ఒక్కటే.

"మరి మనుషులెక్కడ కూర్చునేవాళ్లక్కా?" అన్నాడు తమ్ముడు, తల వంచి లోపలికి చూస్తూ.

నేను ఇంతదూరం వచ్చింది ఆ ప్రశ్న కోసమే. బాంబు చుట్టూ విమానాన్ని కట్టారు, మిగిలిన సందుల్లో ఏడుగురిని ఇరికించారు. ఒక్కడే పైలట్, రెండో పైలట్ లేడు. పక్కన మడత సీటు మీద ఫ్లైట్ ఇంజనీర్. వెనక తెర చాటున దీపం పెట్టుకుని మ్యాపుల మీద వంగిన నావిగేటర్, అతని వెనక వైర్‌లెస్ ఆపరేటర్. ముక్కులో బోర్లా పడుకుని బాంబులు వదిలే బాంబ్ ఎయిమర్. వీపు మీద ఒక గన్నర్, తోక చివర ఒక గన్నర్. నావిగేటర్ వెనకున్న రెక్కల దూలం నడుమెత్తున అడ్డంగా ఉంటుంది. బొచ్చు కోటూ బూట్లూ వేసుకుని, చీకట్లో, విమానం మండుతుండగా వెనక తలుపు వైపు పోవాలంటే దాన్ని ఎక్కి దిగాలి.

సాయంత్రం గ్రీన్ పార్క్ మూలనున్న బాంబర్ కమాండ్ స్మారకానికి వెళ్లాం. బ్రిటిష్ వైమానిక దళంలో బాంబర్లు నడిపిన విభాగం అది. అప్పుడే దాడి నుంచి తిరిగొచ్చినట్టు ఏడుగురి కంచు విగ్రహాలు. ఒకడు నేలకేసి, ఒకడు ఆకాశంకేసి చూస్తుంటాడు. దీన్ని కట్టింది 2012లో, అంటే యుద్ధం ముగిసిన 67 ఏళ్లకు. ఎందుకింత ఆలస్యమో మర్నాడు లింకన్‌లో బాగా తెలిసొచ్చింది.

రెండో రోజు: లింకన్

రైల్లో పొద్దున్నే లింకన్ చేరాం. ఊరు కొండ పైనా కిందా. కొండ కొమ్మున కేథడ్రల్. చుట్టూ లింకన్‌షైర్ అంతా చదునైన పొలాలు కావడంతో ఆ గోపురాలు మైళ్ల దూరం నుంచి కనిపిస్తాయి. ఆ చదును వల్లే ఇక్కడ ఇన్ని వైమానిక స్థావరాలు వెలిశాయి, జర్మనీ వైపు తీరం కూడా ఇదే. సాయంత్రం బయల్దేరేటప్పుడు ఆ కుర్రాళ్లకు చివరగా కనిపించిన గుర్తు ఈ కేథడ్రల్. బతికి వస్తే తెల్లవారుజామున మొదట కనిపించేదీ ఇదే. లోపల వైమానికుల ప్రార్థనా మందిరంలో చనిపోయినవాళ్ల పేర్లు చేత్తో రాసిన పెద్ద పుస్తకాలున్నాయి.

మధ్యాహ్నం ఊరికి దక్షిణాన కాన్విక్ హిల్ మీద ఇంటర్నేషనల్ బాంబర్ కమాండ్ సెంటర్‌కి వెళ్లాం. తుప్పు రంగు ఉక్కుతో ఆకాశంలోకి లేచిన స్తంభం ఒకటుంది. ఎత్తు 31 మీటర్లు, సరిగ్గా లాంకాస్టర్ రెక్కల పొడవంత. దాని చుట్టూ అదే ఉక్కు గోడలు, వాటి మీద దాదాపు 58,000 పేర్లు. హోదా లేదు, పతకం లేదు, పేరు మాత్రమే. ఒక వృద్ధురాలు మునివేళ్లతో ఒక పేరును తడుముతూ చాలాసేపు నిలబడింది. మేం అటు పోకుండా చుట్టు తిరిగి వెళ్లాం.

బాంబర్ కమాండ్‌లో విమానాలెక్కినవాళ్లు సుమారు 1,25,000 మంది, అందరూ తమంతట తాము ముందుకొచ్చినవాళ్లే. వాళ్లలో 55,500 మందికి పైగా చనిపోయారు, అంటే నూటికి 44 మంది. ఒక విడతకు 30 దాడులు పూర్తిచేస్తే విశ్రాంతి. సగటు వయసు ఇరవై రెండు, ఇరవై మూడు. వాళ్లు జట్టు కట్టే పద్ధతి నాకు అన్నిటికంటే వింతగా అనిపించింది. పైలట్లు, నావిగేటర్లు, గన్నర్లు అందరినీ ఒక పెద్ద షెడ్డులోకి తోలి, మీలో మీరే జట్లు కట్టుకోండి అని వదిలేసేవారు. సైన్యంలో అంతా ఆజ్ఞ ప్రకారం నడిచే కాలంలో, ఎవరి పక్కన చావాలో మాత్రం వాళ్లనే ఎంచుకోమన్నారు. ముఖం చూసి, రెండు మాటలాడి, ఒక సిగరెట్ పంచుకుని ఎంచుకునేవాళ్లు.

ఈ కేంద్రంలో నాకు గౌరవం కలిగించిన విషయం ఇంకొకటుంది. కింద ఉన్నవాళ్ల మాట కూడా ఇక్కడ వినిపిస్తుంది. జర్మన్ పౌరుల జ్ఞాపకాలు కూడా వీళ్లు సేకరించి పెట్టారు. 1941 ఆగస్టులో బట్ నివేదిక అని ఒకటి వచ్చింది. లక్ష్యం మీద బాంబు వేశామని చెప్పిన విమానాల్లో మూడింట ఒకటే ఐదు మైళ్ల లోపుకు వెళ్లిందని దాడి ఫొటోలు చూసి తేల్చారు. రాత్రి చీకట్లో ఫ్యాక్టరీ కనపడదు, ఊరు కనపడుతుంది. 1942 ఫిబ్రవరిలో వచ్చిన ఆదేశం ఊళ్లనే లక్ష్యం చేసింది. అదే నెలలో ఆర్థర్ హారిస్ బాంబర్ కమాండ్ అధిపతిగా వచ్చాడు, అదే సమయానికి లాంకాస్టర్ అందింది. 1943 జులైలో హాంబర్గ్‌లో మంటలు తుపానై దాదాపు 37,000 మంది చనిపోయారు. 1945 ఫిబ్రవరిలో డ్రెస్డెన్ మీదికి వెళ్లిన బ్రిటిష్ విమానాలు దాదాపు 800, మాస్కిటో అనే చిన్న విమానాలు కొద్దిగా తప్ప అన్నీ లాంకాస్టర్లే. అక్కడ చనిపోయినవాళ్లు 25,000 వరకూ ఉంటారు.

యుద్ధం గెలిచాక ఈ లెక్కలు నాయకులకు ఇబ్బందిగా తోచాయి. విజయ ప్రసంగంలో చర్చిల్ బాంబర్ కమాండ్‌ను ప్రస్తావించలేదు. వీళ్లకు ప్రత్యేక పతకం ఇవ్వలేదు, 2013లో రిబ్బను మీద పెట్టుకునే చిన్న పట్టీ ఇచ్చారు. ఊళ్లు కాల్చాలన్న నిర్ణయం తప్పని నేననుకుంటున్నాను. ఆ నిర్ణయం చేసిన పెద్దవాళ్ల సిగ్గును ఇరవై ఏళ్ల పిల్లలతో మోయించడం అంతకంటే తప్పు. ఈ రెండు మాటలూ ఒకే గోడ ముందు నిలబడి అనుకోగలిగాను, అది ఈ కేంద్రం గొప్పదనం.

మూడో రోజు: ఈస్ట్ కర్క్‌బీ

అద్దె కారు తీసుకుని, కాస్త చుట్టు దారైనా, వాడింగ్టన్ మీదుగా వెళ్దామన్నాను. ఇప్పటికీ వైమానిక స్థావరమే, బయటి నుంచే చూశాం. దానికి మనకూ ఒక సంబంధం ఉంది. 1920ల చివర్లో ఇక్కడి 503వ స్క్వాడ్రన్ నడిపిన భారీ బాంబర్ పేరు హ్యాండ్లీ పేజ్ హైదరాబాద్. చెక్కతో కట్టిన చివరి బ్రిటిష్ భారీ బాంబర్ అది. భారీ బాంబర్లకు ఊళ్ల పేర్లు పెట్టే అలవాటుండేది. మాంచెస్టర్, హాలిఫాక్స్, లాంకాస్టర్ ఆ వరసలోవే. ఇంకా వెనక్కి వెళ్తే, 1918లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ సొమ్ముతో కొన్న బాంబర్లతో ఫ్రాన్స్‌కు వెళ్లిన 110వ స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ పేరే పెట్టారు. "అంటే మన పన్నుల డబ్బులు కూడా ఎగిరాయన్నమాట" అన్నాడు తమ్ముడు.

ఈస్ట్ కర్క్‌బీ 57, 630 స్క్వాడ్రన్లు ఎగిరిన స్థావరం. ఇప్పుడు పొలాల మధ్య పాత కంట్రోల్ టవర్, హ్యాంగర్, అందులో జస్ట్ జేన్ అని పిలిచే లాంకాస్టర్ ఎన్‌ఎక్స్611. దీన్ని ఇక్కడికి తెచ్చింది ప్రభుత్వం కాదు, ఫ్రెడ్, హరాల్డ్ పాంటన్ అనే రైతు సోదరులు. వాళ్ల అన్న క్రిస్టోఫర్ ఫ్లైట్ ఇంజనీర్. 1944 మార్చి 30 రాత్రి న్యూరెంబర్గ్ దాడికి హాలిఫాక్స్ బాంబర్‌లో వెళ్లి తిరిగి రాలేదు. అప్పటికి 19 ఏళ్లు. బాంబర్ కమాండ్‌కు అంతటి చెడ్డ రాత్రి ఇంకోటి లేదు. వెళ్లిన 795 విమానాల్లో 95 తిరిగి రాలేదు. తమ్ముళ్లు పెద్దవాళ్లై కోళ్ల ఫారాలు నడుపుకుని, పాత రన్‌వే ఉన్న భూమి కొని, 1983లో ఈ విమానం కొన్నారు. అన్న పేరు మీద ఏం కట్టాలో వాళ్లకు బాగా తెలుసు.

ఎన్‌ఎక్స్611 బతుకూ చిత్రమైనదే. 1945 ఏప్రిల్‌లో తయారై యుద్ధంలో ఎగరకుండానే మిగిలిపోయింది. 1952లో ఫ్రెంచి నౌకాదళానికి వెళ్లింది, పసిఫిక్‌లో న్యూ కాలెడోనియా దాకా పోయింది, 1965లో ఇంగ్లండ్‌కు తిరిగి ఎగిరొచ్చింది.

మేం వెళ్లిన రోజు దాన్ని రన్‌వే మీద నడిపించారు. ఇంజన్లు ఒక్కొక్కటిగా అందుకున్నాయి. ముందు దగ్గు, నీలి పొగ, ఆ తర్వాత గుండెల్లోకి దిగే మోత. నాలుగోది కూడా కలిశాక కాళ్ల కింద గడ్డి వణికింది. తమ్ముడు ఫోన్‌లో వీడియో తీయడం మర్చిపోయి నోరు తెరుచుకుని నిలబడ్డాడు.

తర్వాత లోపలికి ఎక్కనిచ్చారు. నేను పొట్టిదాన్ని, అయినా దూలం దాటడానికి రెండు చేతులూ ఆనించి కాలు పైకి లాక్కోవాల్సి వచ్చింది. తోక గన్నర్ గూడు చూశాక ఇంక మాట రాలేదు. మోకాళ్లు ముడుచుకుని, ఎనిమిది గంటలు, సున్నాకు 40 డిగ్రీలు కింద ఉండే గాలిలో, మిగతా ఆరుగురికీ దూరంగా, ఒంటరిగా. చూపుకి అడ్డమని చాలామంది ముందున్న అద్దం పలకను కూడా తీయించేసుకునేవాళ్లు. పారాచూట్ పెట్టుకునేంత చోటు గూట్లో లేదు, వెనక తలుపు అవతల కొక్కేనికి తగిలించి ఉండేది.

ముక్కులో నేల మీద బయటపడే తలుపు ఉంది. ముందున్నవాళ్లు దూకాల్సింది అందులోంచే. దాని వెడల్పు 22 అంగుళాలు. హాలిఫాక్స్‌లో అది 24. తర్వాతి రోజుల్లో ప్రసిద్ధ భౌతిక శాస్త్రవేత్త అయిన ఫ్రీమన్ డైసన్ అప్పట్లో బాంబర్ కమాండ్‌లో లెక్కలు వేసే కుర్రాడు. కూలిన విమానాల నుంచి ఎంతమంది బతికి బయటపడ్డారో వాళ్ల విభాగం లెక్క తీసింది. పగలు ఎగిరే అమెరికన్ బాంబర్ల నుంచి సగం మంది, హాలిఫాక్స్ నుంచి నాలుగో వంతు, లాంకాస్టర్ నుంచి నూటికి 15 మంది. తలుపు పెద్దది చేయించడానికి డైసన్ సహోద్యోగి ఒకరు పై అధికారులతో పోరాడాడు. ఒప్పించి, డిజైన్ మార్పించేసరికి యుద్ధం దాదాపు అయిపోయింది. ఆ రెండు అంగుళాలు వేలమంది కుర్రాళ్ల ప్రాణాలు తీసుండొచ్చని డైసన్ తర్వాత రాశాడు.

ఇంకో గుడ్డి చోటు పొట్ట కింద. అక్కడ చూడ్డానికి కిటికీ లేదు, చాలా విమానాల్లో తుపాకీ లేదు. జర్మన్ రాత్రి ఫైటర్లు పైకి గురిపెట్టిన ఫిరంగులతో కిందికి చేరి, రెక్కలోని పెట్రోలు ట్యాంకుల్ని కొట్టేవి. ఏం జరిగిందో చెప్పడానికి చాలాసార్లు ఎవరూ మిగిలేవారు కాదు, అందుకే ఆ ఎత్తుగడ బ్రిటన్‌కు నెలల తరబడి అర్థం కాలేదు.

తిండి కోసం ఆగి, తమ్ముడు పొద్దున చేసి డబ్బాలో పెట్టుకొచ్చిన పులిహోర కంట్రోల్ టవర్ ఎదుట బల్ల మీద తిన్నాం. ఇద్దరం పెద్దగా మాట్లాడుకోలేదు.

నాలుగో రోజు: కోనింగ్స్‌బీ, వుడ్‌హాల్ స్పా

ఇవాళ తక్కువ తిరిగాం. కోనింగ్స్‌బీలో పీఏ474 ఉంది. ప్రపంచంలో ఇప్పటికీ ఎగరగలిగే లాంకాస్టర్లు రెండే. ఇదొకటి, కెనడాలో హామిల్టన్‌లో ఉన్నది ఇంకొకటి. 2014లో ఆ రెండోది అట్లాంటిక్ దాటొచ్చి దీనితో కలిసి ఎగిరింది. కెనడాలోనే 430 లాంకాస్టర్లు తయారయ్యాయి.

ఇక్కడి గైడు పెద్దాయన ఆపరేషన్ మన్నా గురించి చెప్పాడు. 1945 వసంతానికి జర్మన్ల చేతిలోనే మిగిలిన పశ్చిమ నెదర్లాండ్స్‌లో జనం ఆకలితో చనిపోతున్నారు. ఆ శీతకాలం తినడానికి తులిప్ దుంపలు ఉడకబెట్టుకున్నారు. ఏప్రిల్ 29 నుంచి మే 8 వరకూ లాంకాస్టర్లు అదే పొడవాటి అరలో బాంబుల బదులు పిండి, ఎండు గుడ్ల పొడి, చాక్లెట్, టీ నింపుకుని, చెట్ల కొనల మీదుగా ఎగిరి సుమారు 6,700 టన్నుల తిండి జార్చాయి. జర్మన్ ఫిరంగులు కాల్చకుండా ఊరుకోవడానికి ఒప్పందం కుదిరింది. చివరి వారాల్లో విడుదలైన యుద్ధఖైదీల్ని, 75,000 మంది దాకా, ఇంటికి తెచ్చిందీ బాంబర్ కమాండే. ఈ కథ చెబుతున్నంతసేపూ పెద్దాయన ముఖం వెలిగిపోయింది.

వుడ్‌హాల్ స్పాలో పెట్‌వుడ్ హోటల్, 1943లో జర్మన్ ఆనకట్టలు తెంచిన 617వ స్క్వాడ్రన్ అధికారుల విడిది. ఊరి మధ్య వాళ్ల స్మారకం తెగిన ఆనకట్ట ఆకారంలో ఉంటుంది.

అయిదో రోజు: డెర్వెంట్ ఆనకట్ట

పడమటికి రెండు గంటలకు పైగా ప్రయాణం చేసి డెర్బీషైర్ కొండల్లోకి వెళ్లాం. రాతి ఆనకట్ట, రెండు కొసల్లో రెండు బురుజులు. 1943 వసంతంలో 617వ స్క్వాడ్రన్ ఇక్కడ సాధన చేసింది. దానికి కాస్త కిందే లేడీబోవర్ జలాశయం, దాని నీళ్లలో డెర్వెంట్, ఆషప్టన్ అనే ఊళ్లు మునిగాయి. నాగార్జునసాగర్ కింద మునిగిన మన ఊళ్లు గుర్తొచ్చాయి.

సాధన ఎందుకంటే, ఇంజనీరు బార్న్స్ వాలిస్ కనిపెట్టిన బాంబు కోసం. నాలుగు టన్నులకు పైగా బరువున్న పీపా ఆకారం. విమానం దాన్ని నిమిషానికి 500 చుట్లు వెనక్కి తిప్పి వదిలితే నీటి మీద గెంతుకుంటూ పోయి, నీళ్లలో కట్టిన రక్షణ వలల్ని దాటి, ఆనకట్ట గోడకు కొట్టుకుని, గోడనంటుకుని దిగి, అడుగున పేలుతుంది. సరిగ్గా 60 అడుగుల ఎత్తున వదలాలి. రాత్రి నీటి మీద ఆ ఎత్తు ఏ పరికరమూ చూపదు. అందుకని విమానం కింద రెండు దీపాలు బిగించారు, వాటి వెలుగులు నీటి మీద కలిసినచోట ఎత్తు సరిపోయినట్టు. ఈ బాంబు కోసం అర తలుపులు తీసేశారు, వీపు మీది గన్ను తీసేశారు. విమానాన్ని మళ్లీ బాంబు చుట్టూ మార్చారు.

1943 మే 16 రాత్రి స్కాంప్టన్ నుంచి 19 లాంకాస్టర్లు, 133 మంది, గై గిబ్సన్ నాయకత్వంలో వెళ్లారు. జర్మనీలోని మోనే, ఎడర్ ఆనకట్టలు తెగాయి, జోర్పె నిలిచింది. ఎనిమిది విమానాలు పోయాయి. 53 మంది చనిపోయారు, ముగ్గురు పట్టుబడ్డారు. ఆ 53 మందిని తలుచుకుని వాలిస్ కుంగిపోయాడు. 1951లో తన ఆవిష్కరణలకు వచ్చిన 10,000 పౌండ్లను, వైమానిక దళంలో పోయినవాళ్ల పిల్లల చదువు కోసం తన పాత బడికి ఇచ్చేశాడు. లాంకాస్టర్ సృష్టికర్త చాడ్విక్ అప్పటికి లేడు. 1947 ఆగస్టులో తన సంస్థ చేసిన ట్యూడర్ విమానంలో ఎక్కితే, విమానాన్ని పక్కలకు వంచే రెక్కల పలకల (ఎలెరాన్ల) తీగలు తలకిందులుగా బిగించడం వల్ల అది లేస్తూనే కూలి చనిపోయాడు.

ఇక్కడి బురుజు మీదున్న ఫలకాలు, సందర్శకుల మాటలు గెలుపు గురించే. నీళ్లు ఎటు పోయాయో అడిగేవాళ్లు కనపడలేదు. మోనే లోయలో దాదాపు 1,300 మంది మునిగారు. వాళ్లలో వందలమంది జర్మన్లు కారు. సోవియట్ దేశం నుంచి వెట్టి పనికి పట్టుకొచ్చి నేహైమ్ ఊరి దగ్గర శిబిరంలో ఉంచిన ఆడవాళ్లు. ఎవరిని విడిపించడానికి ఈ యుద్ధం చేశారో ఆ మనుషులే.

ఆ మాట చెప్పాక తమ్ముడు గట్టు మీద కాసేపు అటూ ఇటూ నడిచొచ్చి, "వచ్చే ఏడాది నీకు సెలవు దొరికితే జర్మనీ పోదాం. మోనే చూద్దాం, ఆ ఊరు కూడా" అన్నాడు. రూట్ల వెతుకులాట ఆ కారులోనే మొదలుపెట్టాం. డోర్ట్‌మండ్ దాకా రైలు, అక్కడి నుంచి నేహైమ్ మీదుగా ఆనకట్టకి.